నేల కింది నది: బియేవ్ర్ ఒడ్డున స్త్రీల శ్రమ

పారిస్ అనగానే మనకు గుర్తొచ్చేది సేన్ నది. ఆ నగరంలో ఒకప్పుడు ఇంకో నది కూడా పారేదని, 1912 నాటికి దాన్ని పూర్తిగా కప్పేసి పైన వీధులు వేశారని ఫ్రెంచి నవలలు ఇష్టంగా చదివేవాళ్ళలో కూడా చాలామందికి తెలియదు. దాని పేరు బియేవ్ర్. పొడవు దాదాపు 35 కిలోమీటర్లు. కృష్ణా గోదావరులు చూసిన మన కళ్ళకు అది నది కాదు, ఏరు. వాగు అన్నా తప్పులేదు.

నాకు ఈ ఏరు సాహిత్యం ద్వారానే తెలిసింది. పందొమ్మిదో శతాబ్దపు ఫ్రెంచి రచనల్లో ‘పతిత’ అనే ప్రతీక ఎలా తయారైందో చూస్తున్నప్పుడు, ఒక రచయిత ఏకంగా ఒక నదినే పతితగా చిత్రించడం ఎదురైంది. ప్రతీక సంగతి సరే, ఆ నది ఒడ్డున నిజంగా బతికిన ఆడవాళ్ళెవరు, ఏం పనులు చేశారు అని వెతకడం మొదలుపెట్టాను. ఆ వెతుకులాట నన్ను పారిస్ మురికివాడల నుంచి మన కోరమాండల్ తీరం దాకా తీసుకొచ్చింది.

బియేవ్ర్ వెర్సాయ్‌కి దగ్గర్లో గుయాంకూర్ అనే ఊరి పొలిమేరలో పుడుతుంది. మొదట తూర్పుకి పారుతూ బ్యుక్, జుయీ, నది పేరే పెట్టుకున్న బియేవ్ర్, ఇన్యీ ఊళ్ళు దాటి, ఆంటోనీ దగ్గర ఉత్తరానికి తిరుగుతుంది. ఫ్రెన్, లాయ్, కషాన్, ఆర్కయ్, జాంటీయీ మీదుగా పారిస్‌లో అడుగుపెట్టి, ఇప్పటి 13వ, 5వ వార్డుల గుండా సాగి, నేటి ఆస్టర్లిట్జ్ రైల్వే స్టేషన్ దగ్గర సేన్‌లో కలిసేది. ఒకప్పుడు ఈ నీళ్ళలో బీవర్ అనే జంతువు ఉండేదని, ఆ పేరే నదికి వచ్చిందని ఒక అభిప్రాయం. చిన్నదే అయినా మెత్తనిది కాదు. 1579 ఏప్రిల్‌లో ఒక్క రాత్రి పొంగి సెయింట్ మార్సెల్ పేటను ముంచేసి ప్రాణాలు తీసింది.

చిన్న నది కావడమే దాని ఆర్థిక చరిత్రకు కారణం. సేన్ మీద పడవలు నడుస్తాయి, సరుకులు వస్తాయి. అది రాజుకీ, వర్తకులకీ కావలసిన నది. బియేవ్ర్ మీద పడవ నడవదు. కానీ దానికి ఆనకట్ట వేయొచ్చు, పాయలుగా చీల్చొచ్చు, మర తిప్పించొచ్చు, అందులో తోలు నానబెట్టొచ్చు. పారిస్ దగ్గర దాన్ని రెండు పాయలు చేశారు. పిండిమరలు తిప్పడానికి ఎత్తుగా గట్టు కట్టి మళ్ళించిన పాయను ‘బతికిన పాయ’ అనేవారు. పల్లంలో పాత దారినే పారే మిగులు నీటిని ‘చచ్చిన పాయ’ అనేవారు. పని చేస్తే బతికినట్టు, చేయకపోతే చచ్చినట్టు. ఆ పేర్లలోనే ఒక ఆర్థికశాస్త్రం ఉంది.

నదికి పైభాగంలో ఇంకో రకం వాడకం. వెర్సాయ్ తోటల్లో ఫౌంటెన్లు ఎగజిమ్మాలని పద్నాలుగో లూయీ 1680లలో చుట్టుపక్కల మెట్ట మీది వాననీటినంతా చెరువులకు మళ్ళించాడు. ఆ నీటిని బియేవ్ర్ లోయ దాటించడానికి బ్యుక్ దగ్గర కట్టిన ఎత్తైన తోరణాల వంతెన ఇప్పటికీ ఉంది. ఎగువన రాజు వినోదం, దిగువన కూలివాళ్ళ జీవనాధారం. ఒక ఏటి పొడవునా వర్గాలు ఎలా పరుచుకుంటాయో చూడడానికి బియేవ్ర్ కంటే మంచి ఉదాహరణ అరుదు.

పారిస్ చివర ఈ ఏటి ఒడ్డున పదిహేనో శతాబ్దం మధ్యలో జాన్ గోబెలిన్ అనే అద్దకపు పనివాడు స్థిరపడ్డాడు. ఎరుపు రంగుకి ఆ కుటుంబం ఎంత పేరు తెచ్చుకుందంటే, జనం నదినే ‘గోబెలిన్ల ఏరు’ అనడం మొదలుపెట్టారు. 1662లో మంత్రి కోల్బేర్ ఆ స్థలాన్ని రాజు తరఫున కొన్నాడు. 1667లో అది రాజుగారి గృహాలంకరణ వస్తువుల కర్మాగారమైంది. అక్కడ నేసిన చిత్రపటాలు యూరప్ రాజభవనాల గోడలెక్కాయి.

గోబెలిన్ పేరు సాహిత్యంలోకి వచ్చిన తీరు మాత్రం చెప్పి తీరాలి. 1532 నాటి రాబెలే హాస్యరచన ‘పాంటాగ్రుయెల్’లో ఒక పారిస్ స్త్రీ పనూర్జ్ అనేవాడి కోరికను తిరస్కరిస్తుంది. అతను పగతో ఆమె దుస్తుల మీద ఏదో చల్లి ఊళ్ళో కుక్కలన్నీ ఆమె మీద పడేలా చేస్తాడు. అవి పోసిన మూత్రమే గోబెలిన్ ఎరుపు అద్దే ఏరైందని రాబెలే పరిహాసం. పండితులు దీన్ని గొప్ప హాస్యంగా వివరిస్తూ వచ్చారు. ‘వద్దు’ అన్న ఆడదాని అవమానంలోంచి ఒక నది పుట్టిందని చెప్పే కథ ఇది. బియేవ్ర్ సాహిత్య చరిత్ర ఇక్కడ మొదలవుతుందని మనం గుర్తుపెట్టుకోవాలి.

1670లలో నగరం నడిబొడ్డున, సేన్ ఒడ్డున ఉన్న తోళ్ళ పనివాళ్ళను ఖాళీ చేయించి సెయింట్ మార్సెల్ వైపు పంపారు. కంపు కొట్టే పని, పేదలు చేసే పని ఊరి చివరికే పోవాలన్న నియమం మనకేం కొత్త కాదు. బియేవ్ర్ ఒడ్డంతా లందలు వెలిశాయి. సున్నపు నీళ్ళు, ఓక్ చెట్టు బెరడు, నానిన తోళ్ళు, కొవ్వు, రక్తం అన్నీ అదే నీటిలో. చలికాలం పొంగిన నీళ్ళు చెరువుల్లో గడ్డకడితే, ఆ మంచుగడ్డలు కోసి గోతుల్లో దాచి వేసవిలో అమ్మేవారు. పారిస్ మెట్రోలో ‘గ్లాసియేర్’ అనే స్టేషన్ పేరు ఆ మంచు గోతుల నుంచి వచ్చిందే.

ఇక ఇదే ఏటికి ఎగువన ఉన్న జుయీ ఊరికి వద్దాం. ఇక్కడే మన చరిత్ర ఈ నదిలో కలుస్తుంది.

పదిహేడో శతాబ్దంలో కోరమాండల్ తీరపు రంగుల నూలుబట్టలు ఫ్రాన్సును ముంచెత్తాయి. వాటిని అక్కడ ‘ఆండియెన్’లు అనేవారు, అంటే ఇండియావి అని. 1669లో గోల్కొండ సుల్తాను అనుమతితో ఫ్రెంచివాళ్ళు మచిలీపట్నంలో వర్తక స్థావరం పెట్టుకున్నారు. ఉతికినా రంగుపోని బట్ట, తేలికైన బట్ట, ఉన్నిలాగా బరువుండని, పట్టులాగా ఖరీదవని బట్ట. ఫ్రెంచి ఆడవాళ్ళు దాన్ని ప్రేమించారు. ఉన్ని, పట్టు వర్తకులు గగ్గోలు పెట్టారు. 1686లో ప్రభుత్వం ఈ బట్టల దిగుమతినీ, ఫ్రాన్సులో అద్దడాన్నీ నిషేధించింది. తర్వాత తర్వాత వాటిని కట్టుకోవడం కూడా నేరమైంది. రక్షకభటులు వీధిలో పోయే ఆడవాళ్ళ గౌన్లు పరిశీలించి జరిమానాలు వేశారు. దేశీయ పరిశ్రమను కాపాడే భారం ఆడవాళ్ళ ఒంటిమీది గుడ్డ మీద పడింది. అయినా నిషేధం నెగ్గలేదు. దొంగ సరుకు వస్తూనే ఉంది, ఆడవాళ్ళు కట్టుకుంటూనే ఉన్నారు.

1759లో నిషేధం ఎత్తేశారు. అదే ఏడాది ఏప్రిల్‌లో బ్రిటిష్ సైన్యం ఫ్రెంచివాళ్ళ నుంచి మచిలీపట్నాన్ని లాక్కుంది. ఒకదానికి ఇంకొకటి కారణం కాదు. కానీ ఆ రెండు సంఘటనల్నీ పక్కపక్కన పెట్టుకుంటే, మన తీరం మీద పట్టు పోగొట్టుకుంటున్న కాలంలోనే ఫ్రాన్సు ఆ తీరపు విద్యను తన ఇంట్లో చట్టబద్ధం చేసుకుందని అర్థమవుతుంది. మరుసటి ఏడాది 1760లో క్రిస్టోఫ్ ఫిలిప్ ఒబెర్‌కాంఫ్ అనే ఇరవైరెండేళ్ళ జర్మన్ యువకుడు జుయీలో, బియేవ్ర్ ఒడ్డున అద్దకపు కర్మాగారం పెట్టాడు. అద్దకానికి మంచి నీరు కావాలి, ఉతికిన బట్టలు ఎండలో పరవడానికి విశాలమైన పచ్చిక కావాలి. జుయీలో రెండూ ఉన్నాయి.

ఆ విద్య యూరప్‌కి ఎన్నో దారుల్లో చేరింది. మార్సెయ్‌లో అర్మేనియన్ పనివాళ్ళు, హాలండు, స్విట్జర్లాండు అద్దకపు శాలలు కొన్ని దారులు. జెసూట్ ఫాదర్ కేర్దూ 1742లో, మళ్ళీ 1747లో రాసిన లేఖలు ఇంకొకటి. సంస్కృతానికీ గ్రీకు, లాటిన్ భాషలకూ చుట్టరికం ఉందని విలియం జోన్స్ కంటే ముందే చెప్పిన వ్యక్తిగా, తెలుగు నేర్చిన పండితుడిగా ఈయన మన భాషాశాస్త్రజ్ఞులకు తెలుసు. కరక్కాయ కషాయం, గేదె పాలలో బట్ట నానబెట్టడం, పటిక, చిరువేరు, మైనం, నీలిమందు, అన్నింటినీ వరసగా ఆయన లేఖల్లో రాశాడు. క్రైస్తవంలో చేరిన అద్దకపు పనివాళ్ళను అడిగి తెలుసుకున్నానని చెప్పాడు. చెప్పినవాళ్ళ పేర్లు మాత్రం రాయలేదు. రహస్యం ఇచ్చినవాళ్ళు అనామకులు, పుచ్చుకున్నవాడు రచయిత.

జుయీ కర్మాగారానికి 1783లో ‘రాయల్’ బిరుదు వచ్చింది. 1805 నాటికి అక్కడ దాదాపు 1,300 మంది పనిచేసేవారు. నెపోలియన్ స్వయంగా వచ్చి ఒబెర్‌కాంఫ్‌ను గౌరవించాడు. ఆ 1,300 మందిలో అచ్చులు వేసే మగవాళ్ళు ఉన్నారు, వాళ్ళ పక్కనే నిలబడి అచ్చుకి రంగు సిద్ధం చేసే చిన్నపిల్లలు ఉన్నారు, కుంచెపని చేసే ఆడవాళ్ళు ఉన్నారు. ఈ ఆడవాళ్ళను ‘పాన్సొతూజ్’లనేవారు, అంటే కుంచెగత్తెలు. అచ్చుపడని చోట, రంగు తప్పిన చోట సరిచేయడం, ముఖ్యంగా నీలం నింపడం వాళ్ళ పని.

నీలం ఎందుకు ఆడవాళ్ళ చేతికి వచ్చింది? కరిగిన నీలిమందుకు గాలి తగిలితే చాలు, బట్టకి పట్టకముందే బిగిసిపోతుంది. అచ్చుతో వేయడం కుదరదు. గాలి కంటే వేగంగా కుంచెతో నింపాలి. మన తీరంలో నీలం అక్కర్లేని భాగమంతా మైనంతో కప్పి బట్టను నీలితొట్టిలో ముంచేవారు. యూరప్‌లో ఆ శ్రమ తప్పించుకోవడానికి నీలిమందులో సున్నం, హరిదళం కలిపారు. హరిదళం అంటే ఆర్సెనిక్ ఉన్న ఖనిజం, విషం. బల్ల మీదకి వంగి, రోజంతా ఆ రంగులో కుంచె ముంచి, అచ్చువేసే మగవాడికంటే చాలా తక్కువ కూలికి పనిచేసిన ఆడవాళ్ళ నేర్పు అది. దాన్ని నేర్పు అనలేదు, ‘ఓపిక’ అన్నారు. స్త్రీల నైపుణ్యాన్ని స్వభావంగా మార్చి కూలి తగ్గించే పద్ధతి ఫ్యాక్టరీలతో పాటే పుట్టింది.

జుయీ బట్టలు ఇప్పటికీ ప్రపంచమంతా ప్రసిద్ధం. తెల్ల నేపథ్యం మీద ఒకే రంగులో గొర్రెల కాపరి పిల్లలు, ఉయ్యాలలూగే అమ్మాయిలు, ప్రేమికులు. బట్ట మీది ఆడవాళ్ళు ఎప్పుడూ తీరిగ్గా ఉంటారు. ఒక్క బట్ట దీనికి మినహాయింపు. కర్మాగారం చిత్రకారుడు జాన్-బతిస్త్ హుయే 1783లో కర్మాగారం పనులనే ఒక డిజైనుగా గీశాడు. అందులో ఏట్లో బట్టలు జాడించేవాళ్ళు, పచ్చికలో పరిచేవాళ్ళు, కుంచెలు పట్టుకుని వంగిన ఆడవాళ్ళు కనిపిస్తారు. యజమాని గొప్ప కోసం గీసిన బొమ్మే. అయినా శ్రామిక స్త్రీకి ఆ బట్ట మీద దొరికిన చోటు చరిత్ర పుస్తకాల్లో దొరకలేదు.

ఇంకో సంగతి. జుయీలో అద్దిన తెల్లబట్టలో ఎక్కువ భాగం చాలాకాలం మనదేశం నుంచి వెళ్ళిందే. కంపెనీల వేలాల్లో కొని తెచ్చేవారు. 1806లో నెపోలియన్ విదేశీ నూలుబట్టల దిగుమతి ఆపేశాక గానీ ఒబెర్‌కాంఫ్ సొంతంగా నూలు వడికించే మిల్లు ఆలోచనకి రాలేదు. మన దగ్గర నేత మగవాడి పేరున నడిచినా, నూలు వడకడం ఆడవాళ్ళ పని. అంటే ఒక జుయీ బట్టను చేతిలోకి తీసుకుంటే దారంలో ఈ తీరపు స్త్రీల చేతులున్నాయి, నీలంలో బియేవ్ర్ ఒడ్డు స్త్రీల చేతులున్నాయి. ఒకరి ఉనికి ఇంకొకరికి తెలియదు. ఇద్దరి పేర్లూ మనకు తెలియవు. మధ్యలో ఉన్న వర్తకుడి పేరుతో పారిస్‌లో ఒక వీధీ, ఒక మెట్రో స్టేషనూ ఉన్నాయి.

1797లో రాగి సిలిండర్ యంత్రం వచ్చింది. ఎన్నో చేతుల పని ఒక్క యంత్రం చేసింది. 1815లో ఒబెర్‌కాంఫ్ చనిపోయాడు. 1843లో కర్మాగారం మూతపడింది.

దిగువన కషాన్, ఆర్కయ్, జాంటీయీ ఊళ్ళు పారిస్‌కి చాకిరేవులయ్యాయి. రాజధాని మాసిన గుడ్డలన్నీ బళ్ళ మీద అక్కడికి వెళ్ళేవి. ఒడ్డున నేలలో పీపాలు పాతి, వాటిలో నిలబడి ఆడవాళ్ళు బట్టలు ఉతికేవారు. కాళ్ళు తడవకుండా ఉండడానికి ఆ పీపా, ఒంగి ఒంగి నడుము విరగకుండా ఉండడానికి మాత్రం ఏ సాధనమూ లేదు. వేడి బూడిదనీళ్ళు, చలికాలపు ఏటి నీళ్ళు, మళ్ళీ వేడి. పైగా లందల నీళ్ళు, చాకిరేవు నీళ్ళు ఒకటే. నది మురికైందన్న ప్రతి ఫిర్యాదులోనూ ఉతికే ఆడవాళ్ళ పేరు నేరస్తుల జాబితాలో కనిపిస్తుంది. నగరం మురికిని కడిగినవాళ్ళే మురికికి కారణమయ్యారు.

1822లో పరాన్-దుషాత్లే అనే వైద్యుడు, ఇంకొకరితో కలిసి బియేవ్ర్ మీద ఒక నివేదిక ప్రచురించాడు. నదీ ప్రవాహాన్నీ, దాని మీది పరిశ్రమల్నీ పరిశీలించి, ఎలా శుభ్రం చేయాలో రాశాడు. 1824లో పారిస్ మురుగుకాలువల మీద రాశాడు. ఆయన చనిపోయిన 1836లోనే అచ్చయిన పెద్ద పుస్తకం పారిస్ వేశ్యల గురించి. వాళ్ళ ఊళ్ళు, వయసులు, జుట్టు రంగు, కళ్ళ రంగు దాకా పట్టికలు వేశాడు. మహానగరానికి మురుగుకాలువలు ఎంత తప్పనిసరో వేశ్యలూ అంతే తప్పనిసరి అన్నది అందులో ఆయన వాదన. నది, మురుగు, స్త్రీ ఈ మూడింటినీ ఒకే కన్ను చూసింది, ఒకే పద్ధతిలో లెక్కపెట్టింది, ఒకే పరిష్కారం చెప్పింది: కనబడకుండా, అదుపులో ఉంచాలి. పందొమ్మిదో శతాబ్దపు ప్రజారోగ్యశాస్త్రానికి పునాదుల్లో ఈ చూపు ఉంది.

1890లో హుయిస్మాన్స్ ‘లా బియేవ్ర్’ రాశాడు. పల్లెనుంచి వచ్చిన అమాయకురాలైన పిల్లను పారిస్ వాడుకుని పారేసినట్టు, పరిశ్రమలు ఈ నదిని వలిచి, చాకిరీ చేయించి, మురికి చేశాయని ఆయన ఆవేదన. అంతకుముందు 1876లో వేశ్య జీవితం మీదే ‘మార్త్’ అనే నవలతో నవలాకారుడైనవాడు ఆయన. పరాన్-దుషాత్లేకి లేని జాలి హుయిస్మాన్స్‌లో ఉంది, నేను కాదనను. దోపిడీని దోపిడీ అనే అన్నాడు. కానీ ఆ వ్యాసంలో దుఃఖపడే స్త్రీ నది మాత్రమే. అదే నీళ్ళలో చేతులు పుండ్లు చేసుకున్న ఆడవాళ్ళు ఆ నదికి నేపథ్యం అయిపోయారు. నది స్త్రీ అయ్యేసరికి స్త్రీలు ఒడ్డు అయిపోయారు.

మన దగ్గరా నదులు ఆడవాళ్ళే. గంగమ్మకు పసుపు కుంకుమలిస్తాం, కృష్ణవేణి అని మురిసిపోతాం. ప్రతీకలు వద్దని కాదు. ఒక ప్రతీక ఎవర్ని కప్పేస్తుందో అడగడం సాహిత్య విమర్శ పని అని నా ఉద్దేశం.

కప్పడం శ్రామిక స్త్రీల విషయంలోనే జరగలేదు. బియేవ్ర్ ఊళ్ళో బెర్తాన్ కుటుంబం ఇంటికి 1830లలో విక్టర్ హ్యూగో తరచుగా వచ్చేవాడు. ఆ ఇంటి అమ్మాయి లూయీజ్ బెర్తాన్ సంగీతకర్త, కవయిత్రి. ఊతకర్రలతో నడిచేది. హ్యూగో తన నవల ‘నోత్ర్ దామ్’ను స్వయంగా గేయనాటకంగా మార్చి ఇచ్చింది ఆమెకే. ‘లా ఎస్మెరాల్డా’ 1836లో పారిస్ ఒపెరాలో వచ్చింది. తండ్రి పత్రికాధిపతి కాబట్టి అవకాశం వచ్చిందన్నారు. బాగున్న పాటలు రిహార్సల్స్ చూసిన బెర్లియోజ్ రాసి ఉంటాడన్నారు. తాను రాయలేదని బెర్లియోజే చెప్పుకోవలసి వచ్చింది. కొద్ది ప్రదర్శనలకే నాటకం ఆగిపోయింది. ఆమె మళ్ళీ ఒపెరా రాయలేదు. 1991లో ఆ ఇల్లు మ్యూజియం అయింది, అతిథిగా వచ్చిన హ్యూగో పేరుతో.

పారిస్‌లో నదిని కప్పడం 1870ల చివర మొదలై 1912లో పూర్తయింది. పారిస్ బయట కూడా, ఆంటోనీ దాకా, 1950ల నాటికి గొట్టాల్లోకి పోయింది. కంపు పోయింది, రోగభయం తగ్గింది. దాన్ని తక్కువచేసి చూడను. ఆ ఒడ్డున ఇళ్ళున్నవాళ్ళకి ఆ నది కవిత్వం కాదు. కానీ కప్పేసినప్పుడు పరిశ్రమల బాధ్యత కూడా కప్పబడింది. శిక్ష పడింది నదికి.

ఇప్పుడు దాన్ని ముక్కలు ముక్కలుగా తెరుస్తున్నారు. ఫ్రెన్‌లో 2003లో ఒక చిన్న భాగం, లాయ్-లే-రోజ్‌లో 2016లో దాదాపు 650 మీటర్లు, ఆర్కయ్-జాంటీయీల మధ్య 2022 నాటికి దాదాపు 600 మీటర్లు వెలుగులోకి వచ్చాయి. మళ్ళీ గట్లున్నాయి, రెల్లు ఉంది, నడకదారులున్నాయి. నీటిని తెరవడానికి కాంక్రీటు పగలగొడితే సరిపోతుంది. ఒడ్డున పనిచేసినవాళ్ళను తెరవడానికి జీతాల పుస్తకాలు, ఫిర్యాదులు, జరిమానా కాగితాలు, ఒక బట్ట మీది బొమ్మ చదవాలి. పేరు లేకపోయినా పని ఉంటుంది, పనిని బట్టి మనిషిని పోల్చుకోవచ్చు. పెడనలోనూ, శ్రీకాళహస్తిలోనూ ఇప్పటికీ కాలువ నీళ్ళలో, స్వర్ణముఖి నీళ్ళలో బట్ట జాడించేవాళ్ళున్నారు. వాళ్ళ గురించి రాసేటప్పుడైనా కళ గురించే కాకుండా కూలి గురించి, రంగు కలిపిన చేతుల గురించి, పేర్లతో సహా రాసిపెట్టుకోవాలి.